మోతీ తిన్న చప్పిడి సర్వపిండి

కొల్లాపూర్, మంగళవారం

స్నేహలతా, నీ కుక్కతో సహా ఇక్కడ అందరం బాగున్నాం.

ఫోనులో సగం వినకముందే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను. నువ్వు హాస్టలుకు పోయినప్పటి నుంచి నాలుగు రోజులు మెతుకు ముట్టని మోతీ నిన్న తిన్నది. కనుక పరీక్షలు వదిలేసి వచ్చే ఆలోచన మానుకో.

దుకాణం బిస్కెట్లు మాన్పించి ఇంట్లోనే ఏదైనా చేసిపెట్టమన్నాడు పశువుల డాక్టరు. "ఉప్పు, కారం, ఉల్లిగడ్డ ఏం వెయ్యొద్దు అవ్వా" అన్నాడు. "గవన్నీ తీసేస్తే గిన్నె తప్ప ఏం మిగుల్తది సాబ్?" అన్నాను. అయినా జొన్నపిండిలో ఉడికిన గుమ్మడికాయ, గుడ్డు కలిపి, సర్వపిండిలాగే గిన్నెకు అద్ది, సన్నసెగ మీద కరకరలాడేదాకా కాల్చాను. మీ తాత ఒక ముక్క కొరికి, "గీ చప్పిడిదాన్ని కుక్క గూడ ముట్టదే!" అని ఉమ్మేశాడు. కుక్క గిన్నె గోకి మరీ తిన్నది. తాత అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు; ఇల్లు ప్రశాంతంగా ఉంది.

తలకు నూనె పెడుతున్నావా? నా కళ్లద్దాల డబ్బా నీ సంచిలో వచ్చింది, పంపించు. మోతీ కోసం రావద్దు. పరీక్షలు బాగా రాసి, నా కోసం రా.

చల్లగా ఉండు బిడ్డా.

మీ అవ్వ,
లక్ష్మీనర్సమ్మ