బఠాణీ తీగకు బూడిద చాలు

ఏవండీ,

అమ్మకు జ్వరమని కబురొచ్చింది, ముప్పాళ్ళ బస్సుకు వెళ్తున్నాను. పెరట్లో బఠాణీ తీగల చివర్లకు పేనుబంక పట్టింది. రేపు పొద్దున మంచు తడి ఆరకముందే పొయ్యిలో బూడిద జల్లించి చల్లండి. పురుగు తొలిచిన కాయలు తుంచి కోళ్ళకు వేయండి.

పక్కింటి అంకమ్మరావు మళ్ళీ ఎండ్రిన్ పురుగుమందు డబ్బా పట్టుకొని వస్తాడు. "పత్తికి కొట్టేదే బావా, ఈ నాలుగు తీగలకేంది, ఒక్క మూత చాలు" అంటాడు. మొహమాటపడి పుచ్చుకోవద్దు. పోయినేడు మీరు ఆ మాట విని కొట్టిన మర్నాడే మన పిల్ల అనసూయ పచ్చికాయలు కోసుకు తిని నురగలు కక్కింది. ఆస్పత్రి వరండాలో మీరు ఏడ్చారు కాబట్టి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు.

సుందరమ్మ

కాయలో పురుగు కనపడితే నామోషీ పడకండి. అది బతికి ఉందంటే ఆ తీగ కాయలు అనసూయ తినొచ్చని నాకు ధైర్యం.