జలుబు తప్ప ఏమీ లేని వంశం

భిలాయి, ఆదివారం

మధులతా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో.

నీ ఆన్‌లైన్ జన్యుశాస్త్రం కోర్సుకు మన వంశవృక్షం గీయాలని మొన్న ఫోన్ చేశావు. "అమ్మమ్మా, మనింట్లో రక్తం జబ్బులేటైనా ఉన్నాయా?" అన్నావు. "జలుబు తప్ప మన వంశంలో ఏటీ లేదు!" అని కసిరాను. అది అబద్ధం. ఉతై ఆరోగ్య కేంద్రంలో నీ రోగులూ ఇలాగే చెబుతారు. డాక్టరువి, నమ్మకు.

మేనరికానికి రెండు గీతలు గీయాలన్నావు. నేను మేనమామను చేసుకున్నాను, మా అమ్మ బావను చేసుకుంది. అన్నీ గీస్తే అది వృక్షంలా ఉండదు, ఉక్కు ప్లాంటు రైలు యార్డులా ఉంటుంది.

నా రెండో కొడుకు కృష్ణమోహన్ మేం అందరికీ చెప్పినట్టు దిష్టి తగిలి పోలేదు. వాడికి తలసేమియా, అమ్మా నాన్నా ఇద్దరి రక్తం నుంచీ దిగే జబ్బు. నెలనెలా రక్తం ఎక్కించినా అయిదో ఏట పోయాడు. మీ అమ్మకు సంబంధాలు రావని మీ తాత ఆసుపత్రి కాగితాలు తగలబెట్టారు. అగ్గిపెట్టె అందించింది నేనే.

ఇప్పుడు మీ అన్న ఉదయ్‌కుమార్‌కి మీ మామయ్య కూతురు భాగ్యరేఖను కుదిర్చిందీ నేనే. ఇద్దరూ నా రక్తమే. నిన్న తాంబూలాలు ఆపించి, కారణం చెప్పాను. మీ అమ్మ "ఇన్నాళ్లూ ఏటి చేశావమ్మా?" అని ఏడ్చింది.

బుధవారం ఇద్దరికీ రక్తపరీక్ష చేయించు. నేనూ వస్తాను. నా రక్తంలో ఏముందో తెలుసు, అయినా మొదటి సూది నాకే గుచ్చించు. మీ అన్న సూదిని చూస్తే పారిపోయే రకం. నేను ముందు కుర్చీలో కూర్చుంటే సిగ్గుకైనా గుమ్మం దాటి పోడు.

మీ అమ్మమ్మ