మీరు ఫుల్ అని రాయించిన వైపు

ఏమండీ,

మీ సంవత్సరీకం అయిన మర్నాడు, సినిమా సెట్‌కని మీరు చేసిన పాతకాలం విమానం లివర్లను మన అమ్మాయి కంప్యూటర్‌లో విమానం ఆటకి కలిపింది. పెట్రోలు లివర్‌ని మీరు "ఫుల్" అని రాయించిన వైపు, వెనక్కి లాగాను. ఇంజన్ ఆగిపోయింది.

"ముందుకు తొయ్యాలమ్మా. నాన్న కెమెరా వైపు నుంచి చూసి తిరగేసి రాయించుంటారు," అంది. కాసేపు ఫోన్లో వెతికి, "కొన్ని పాత విమానాలకి ఇలాగే, వెనక్కి లాగేటట్టే ఉండేదట," అంది మళ్లీ తనే.

తెలిసే రాయించారా, పొరబడ్డారా? యూసుఫ్‌గూడలో మీ పెయింటర్‌ని అడిగితే, "సారు ఎట్ల చెప్తే గట్ల రాసిన, నాకేం ఎరుకమ్మా," అన్నాడు.

అక్షరాలు చెరిపి ముందువైపు రాయనా అంది అమ్మాయి. వద్దని, కంప్యూటర్‌లోనే ఆ లివర్ దిశ మార్చమన్నాను. ఇప్పుడు వెనక్కి లాగితేనే ఎగురుతోంది.