సైకిల్ తెస్తేనే సొల్యూషన్

అమ్మాయీ,

మీ మామయ్య రాస్తున్నాను. నా మాటలకి నొచ్చుకుని ఆడవాళ్ళ సంఘం మానేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మానొద్దు.

ఆ రోజు సంఘం తరఫున నా పంక్చర్ షాపుకొచ్చి, "మామయ్యా, పంక్చర్లు అంటించే సొల్యూషన్ కొన్న కుర్రాళ్ళ సైకిళ్ళేవి?" అని అడిగావు. నా వ్యాపారాన్ని తప్పు పడుతున్నావనుకున్నాను. అందుకే అరిచాను. "నాకే వ్యాపారం నేర్పుతావా, పో" అని నలుగురిలో అన్నాను. తప్పే.

మర్నాటి నుంచి గమనించాను. సొల్యూషన్ ట్యూబులు అమ్ముడుపోతున్నాయి, రిపేరుకి ఒక్క చక్రమూ రావడం లేదు. పిల్లలు ఆ వాసన పీల్చి మత్తులో పడుతున్నారని నువ్వు కనిపెట్టావు. నలభై ఏళ్ళుగా అమ్ముతున్న నాకు తట్టలేదు. ఇప్పుడు ట్యూబు ఎవరి చేతికీ ఇవ్వను. సైకిల్ తెస్తే నేనే అంటిస్తాను. నిన్న ఒక కుర్రాడు ఎవరిదో చక్రం పట్టుకొచ్చాడు. నీళ్ళలో ముంచితే ఒక్క బుడగ రాలేదు. "ఏరా, చిల్లు దీనికా, నీ బుర్రకా?" అన్నాను. తల దించుకుని అక్కడే కూర్చున్నాడు, ఎంతకీ కదల్లేదు. వాడితో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. నువ్వుంటే నీకు తెలిసేది.

పక్కవీధి హార్డ్‌వేర్ షాపువాడూ సొల్యూషన్ అమ్ముతాడు, పిల్లలకి ఇవ్వొద్దని చెప్పడానికి నేనే వెళ్ళాను. రెండు మాటలకే కొట్లాటయింది. నువ్వు నా చేత తిట్లు తిని కూడా, "మళ్ళీ వస్తాను మామయ్యా" అని నెమ్మదిగా వెళ్ళావు. అంత గుండె నాకు లేదు.

ఆదివారం పొద్దున రా, ఆ షాపువాడి దగ్గరికి వెళ్దాం. నువ్వు మాట్లాడు. నేను నోరు మూసుకుని నీ పక్కన నిలబడతాను.

మీ మామయ్య