నాయన తువ్వాలుకు జిల్లేడు పాలు

మంగళవారం రాత్రి, కార్వేటినగరం

నాయన ఇంకా నిద్రపోలేదు. పక్క గదిలో మంచం కిర్రుమంటూనే ఉంది.

పొద్దున రోడ్డు పక్కన జిల్లేడు ఆకులు కోసుకొచ్చాను. పచ్చిమట్టి పళ్లెం మీద అదిమితే ఇంకే ఆకు ఈనెలూ అంత లోతుగా పడవు. కోసిన ఆకును ఒక రోజు వాడిపోనిచ్చి, పాలు ఆరాకే ముట్టుకోవాలని నాయన నూరుసార్లు చెప్పాడు. తిరుపతి అంగడివాళ్లు పళ్లేల కోసం తొందరపెడుతున్నారని నేను ఆగలేదు. చేతికంటిన పాలు దండెం మీది తువ్వాలుకు తుడిచాను. అది నాయనదని అప్పుడు తోచలేదు.

కుమ్మరి సారె దగ్గర్నుంచి లేచి ఆయన దాంతోనే ముఖం తుడుచుకున్నాడు. మధ్యాహ్నానికి, "నొప్పేం లేదు మే, కుడికన్ను మంచు పట్టినట్టుండాది" అన్నాడు. ఎడమ కంటికి ఎప్పటినుంచో పొర. ఆయనకు మిగిలిందే ఆ కుడికన్ను.

ఆస్పత్రికి తీసుకెళ్లాను. కంట్లో ఏం పడిందని డాక్టరమ్మ అడిగితే, "మట్టేమో అమ్మా" అన్నాడు. పక్కనే ఉండీ నేను పాల సంగతి చెప్పలేదు. మట్టి పడితే వేసే చుక్కలే రాసిచ్చింది. తెల్లారగానే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తి నిజం చెప్పాలి. అప్పటికే ఆలస్యమైపోతే...

సాయంత్రం నాయన, నేను ఆకు అదిమిన పళ్లెం ఒకటి ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో తడిమాడు. నడి ఈనె దగ్గర వేలు ఆగింది.

"ఏం ఆకు మే ఇది?"

"బాదం ఆకు నాయనా."

ఆయన పళ్లెం కింద పెట్టి లేచాడు. గోడ పట్టుకుని దండెం దాకా వెళ్లి, తువ్వాలు తీసి బక్కెట్లో నానేశాడు.

"నువ్వు దీన్ని ముట్టుకోవాకు మే. కంట్లో పడతాది."