మిషన్ ఆపింది దేవుడి కోసం కాదు

నేను భక్తుడినైపోయానని ఇంటిల్లిపాదికీ చాటింపు వేశావట, ఇంత అన్యాయమా బాబాయ్! నేను పంపిన ఫొటోలో చేతులు కట్టుకుని నిలబడింది దేవుడి ముందు కాదు. మా వర్క్‌షాపులో పెద్ద ఫిట్టర్ అన్నం తినేముందు కాసేపు ప్రార్థన చేసుకుంటాడు. ఆ రొదలో ఆయన మాట ఆయనకే వినపడదని నా గ్రైండింగ్ మిషన్ ఆపి పక్కన నిలబడతాను, ఫొటో అప్పటిదే, అంతే. నన్ను కూడా చెయ్యమని ఆయన ఏనాడూ అనలేదు.

ఇక్కడికొచ్చిన మొదటిరోజే భోజనాల దగ్గర బల్ల చరిచి "దేవుడు లేడు!" అన్నాను. మనింట్లో అయితే నా వీపు విమానం మోత మోగేది. వీళ్ళేమో "సరేలే తమ్ముడూ, ఆ ఉప్పు ఇటివ్వు" అన్నారు. పరువు పోయిందనుకో! నమ్మకపోవడమంటే పోట్లాడటమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పటికీ నమ్మను. కానీ నమ్మేవాణ్ణి చూస్తే ఒళ్ళు మండటం లేదు.

అమ్మ ముందు నీ మాట వెనక్కి తీసుకో. శనివారంలోగా జవాబు రావాలి. అందులో మునుపటిలాగే నన్ను నోరారా తిట్టు బాబాయ్, ఇక్కడ దేవుడి గురించి నాతో పోట్లాడే మనిషే దొరకడం లేదు.