నొప్పి పరుపుదా, మిషనుదా?

పరుపుల కంపెనీ ఫిర్యాదుల అధికారి గారికి,

టైలరు నమస్కరించి రాసుకునేది. నాది ఇరవై ఏళ్ల నడుం నొప్పి. ‘పదిహేను రాత్రులు పడుకోండి, నొప్పి మళ్లీ జన్మలో రాదు’ అని మీ గ్యారంటీ కార్డు మీద చదివి పరుపు కొన్నాను. ఇవాళ పదహారో పొద్దు. ఇదివరకు నొప్పి సాయంత్రం మిషను దిగేటప్పుడు పలకరించేది. ఇప్పుడు తెల్లారేసరికి నాకంటే ముందే లేచి కూర్చుంటోంది. నిన్న ఒకాయన ప్యాంటు కొలత తీద్దామని వంగాను. ఆయనే నన్ను లేపి కుర్చీలో కూలేసి, కొలతలు తనే తీసుకుని నాకు చెప్పి వెళ్లాడు.

బ్యాండువాళ్ల కోట్లు నలభై వచ్చే నెలాఖరుకు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే వాళ్లు రెడీమేడ్ షాపుకు పోతారు, వాళ్లను చూసి మిగతావాళ్లూ పోతారు, నేను కొట్టు మూసుకోవాలి. కాబట్టి పరుపైనా మార్చండి, నొప్పైనా తీసుకుపోండి.

ఇట్లు,
మీ పరుపు బాధితుడు, టైలరు

తా.క.: నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అది నా నడుం దస్తూరీ.

---

గౌరవనీయులైన వినియోగదారునికి,

మీ నొప్పి మా కార్యాలయానికి అందినది. మా పరుపు వలన ఎవరికైనా నొప్పి వచ్చినట్లు రికార్డులలో లేదు. మీరు టైలరు గనుక నొప్పి కుట్టుమిషనుదై ఉండవచ్చును. నిబంధన ప్రకారం పదిహేను రోజులు మిషను ముట్టక, మా పరుపు మీదనే పడుకొని ఫలితము తెలుపగలరు.

భవదీయుడు,
ఫిర్యాదుల అధికారి

తా.క.: మీరు నిలబడి రాసిన ఉత్తరమును, మీరు నిలబడగలరనుటకు రుజువుగా ఫైలులో చేర్చడమైనది.

---

అధికారి గారికి,

మీ మాట ప్రకారం మిషనుకు దుప్పటి కప్పి పదిహేను రోజులు పడుకున్నాను. నొప్పి చెక్కుచెదరలేదు. కోట్లు ఏమైపోతాయోనని నేను ఏడుస్తుంటే మా ఆవిడ, “మీరు నిబంధన ప్రకారం పడుకోండి, కోట్ల సంగతి నేను చూసుకుంటా” అని దుప్పటి తీసి మిషనెక్కింది. పద్నాలుగు కుట్టేసింది. ఇంకా ఇరవై ఆరున్నాయి. ఒక్క మనిషి వల్ల కాదు. మిషను ముట్టకపోయినా నొప్పి ఉందంటే తప్పు పరుపుదేగా? ఇక మార్చండి.

ఇట్లు,
పడుకుని అలిసిపోయిన టైలరు

తా.క.: బ్యాండు పెద్ద మా ఆవిడ కుట్టిన కోటు తొడిగి చూసుకుని, భుజాలు ఇన్నేళ్లలో ఇప్పుడే కుదిరాయన్నాడు. నడుం నొప్పి చాలదన్నట్టు ఇదొకటి.

---

గౌరవనీయులైన వినియోగదారునికి,

మీరు మిషను ముట్టకపోయినా మిషను మీ ఇంట్లో నడుచుచునే ఉన్నట్లు మీ ఉత్తరమే చెప్పుచున్నది. ఆ చప్పుడుకు కూడా నొప్పి రావచ్చును. కనుక ఇప్పుడు తిరుగు పరీక్ష జరుపవలెను. పరుపు మాకు అప్పగించి, పదిహేను రోజులు మీరు మిషను కుట్టుడు. ఆ పదిహేను రాత్రులు మా నిపుణుడు మీ పరుపుపై పడుకొని పరీక్షించును. పరుపును మీరే మోసుకొచ్చి మూడవ అంతస్తులో ఇవ్వవలెను.

భవదీయుడు,
ఫిర్యాదుల అధికారి

తా.క.: లిఫ్టులో పరుపులు ఎక్కించరాదు.

---

అధికారి గారికి,

పరుపు ముందు కొస నేను, వెనక కొస మా ఆవిడ పట్టుకుని మీ మూడంతస్తులూ ఎక్కించాం. మెట్టుకొకసారి మిమ్మల్ని తలుచుకున్నాను. మా ఆవిడ రెండుసార్లు తలుచుకుంది.

పరుపు లేదు కదా అని ఇంట్లో నేల మీద పడుకున్నాను. నాలుగో రోజుకు నడుం నాది అనిపించింది. పదిహేనో రోజున చెయ్యి ఆనించకుండా మిషను మీంచి లేచాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, కళ్లనీళ్లు తిరిగాయి. ఇద్దరం వంతులవారీగా కుట్టి నలభై కోట్లూ గడువులోపలే ఇచ్చేశాం. కొట్టు నిలబడింది. పరుపే దోషి అని తేలింది. ఇక మార్చనక్కర్లేదు. తిరిగి మాత్రం పంపకండి, మీకు దణ్ణం పెడతాను.

ఇట్లు,
వంగి లేవగలుగుతున్న టైలరు

తా.క.: మా ఆవిడ మిషను దిగనంటోంది. ఇప్పుడు కాజాలు కుట్టేది నేను.

---

గౌరవనీయులైన వినియోగదారునికి,

మా సూచనలు పాటించుట వలన నొప్పి పోయినదని మీరే రాతపూర్వకముగా ఒప్పుకొన్నందుకు సంతోషము. కార్డు మీద చెప్పినట్లే మీకు శాశ్వత విముక్తి లభించినందున ఫిర్యాదు మూసివేయడమైనది. మీ ఉత్తరములో ‘నడుం నాది అనిపించింది’ అన్న వాక్యమును పెద్ద అక్షరములతో షోరూము అద్దమునకు అంటించితిమి.

భవదీయుడు,
ఫిర్యాదుల అధికారి

తా.క.: ఇది ఆఫీసు తరఫున కాదండీ. మా నిపుణుడంటే నేనే. ఆఫీసులో మంచం లేదని మీ పరుపు మా ఇంటికి పంపారు. పదిహేను రాత్రులు పడుకున్నాను. పదహారో పొద్దున నన్ను లేపడానికి ఇద్దరు రావాల్సొచ్చింది. వెంటనే ఫిర్యాదు రాశాను. ఫిర్యాదుల అధికారిని నేనే కాబట్టి అది నా బల్ల మీదికే వచ్చింది. నొప్పి ఆఫీసు కుర్చీదై ఉండవచ్చని కొట్టేశాను. కుర్చీ ముట్టకుండా ఇంకో పదిహేను రోజులు అదే పరుపు మీద పడుకోమని నాకు ఆర్డరు వేశాను. కింద సంతకం నాదే కాబట్టి కాదనడానికి లేదు. ఇవాళ మూడో రోజు. బాబ్బాబు, మీరు నేల మీద పరుచుకున్నది ఒక దుప్పటా, రెండా? తిరుగు టపాలో రాయండి.